అణు నియంత్రణలో అంతర్జాతీయ సహకారం: మణుగూరు భారజలం నుంచి చూస్తే

అణ్వాయుధాలు, వాటి తయారీకి పనికొచ్చే పదార్థాలు ఉగ్రవాదుల చేతికి చిక్కకుండా కాపాడటం ఒక పని. దేశాల దగ్గర ఇప్పటికే పోగుపడిన అణ్వాయుధాలను తగ్గించుకుంటూ రావడం ఇంకో పని. ఈ రెండింటి కోసం దేశాల మధ్య కుదిరిన ఒప్పందాలు, తనిఖీ ఏర్పాట్లు, ఎగుమతి నిబంధనలు, ఐక్యరాజ్యసమితి తీర్మానాలు అన్నీ కలిపి అణు నియంత్రణలో అంతర్జాతీయ సహకారం అనిపించుకుంటాయి. ఈ చరిత్రను సాధారణంగా వాషింగ్టన్, మాస్కో, వియన్నా నగరాల వైపు నుంచి చెబుతారు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా సారపాక పరిసరాల నుంచి కూడా చెప్పవచ్చు. అలా చూసినప్పుడు ఒక సంగతి తేటపడుతుంది. సరుకు ఇవ్వబోమని తలుపు మూసుకుంటే అణు వ్యాప్తి ఆలస్యమవుతుందే తప్ప ఆగదు. ఏ సరుకు ఎక్కడ ఎంత ఉందో ఒకరికొకరు లెక్క అప్పజెప్పుకోవడం, ఉన్న నిల్వను కరిగించుకోవడం ద్వారానే ప్రమాదం తగ్గుతుంది. ఆ లెక్క బలవంతులకూ బలహీనులకూ ఒకేలా వర్తించినప్పుడే నిలబడుతుంది.

గోదావరి ఒడ్డున భారజలం

భద్రాచలానికి ఎదురుగా, గోదావరి కుడి గట్టున, బూర్గంపాడు మండలంలో సారపాక ఉంది. బయటివాళ్లకు ఈ ఊరు ఐటీసీ కాగితపు మిల్లుతో పరిచయం. ఇక్కడి నుంచి మణుగూరు వెళ్లే దారిలో అశ్వాపురం మండలంలో, గౌతమీనగర్ కాలనీని ఆనుకుని, అణుశక్తి శాఖకు చెందిన భారజల కర్మాగారం ఉంది. చుట్టుపక్కల జనం దాన్ని హెవీ వాటర్ ప్లాంట్ అనే అంటారు. 1991 చివర్లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఈ ప్లాంటు స్థాపిత సామర్థ్యం ఏడాదికి 185 టన్నులు. నీరు గోదావరిది, ఆవిరికీ కరెంటుకూ బొగ్గు మణుగూరు సింగరేణి గనులది. మామూలు నీటిలో ఆరేడు వేల హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి చొప్పున మాత్రమే దాని బరువైన రూపమైన డ్యుటీరియం ఉంటుంది; మామూలు హైడ్రోజన్‌కు బదులు అదే ఉన్న నీరు భారజలం. దాన్ని వేరుచేయడానికి ఎత్తయిన గోపురాల్లో నీటిని పైనుంచి కిందికీ, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును కిందినుంచి పైకీ పంపుతారు. 30 డిగ్రీల చల్లని గోపురంలో డ్యుటీరియం వాయువులోంచి నీటిలోకి మారుతుంది, 130 డిగ్రీల వేడి గోపురంలో నీటిలోంచి వాయువులోకి మారుతుంది. ఈ మార్పిడి మళ్లీ మళ్లీ జరిగాక, చివరన శూన్యపీడనంలో స్వేదనం చేసి దాదాపు 99.8 శాతం శుద్ధమైన భారజలం తీస్తారు.

ఇలా వచ్చిన భారజలానికి రేడియోధార్మికత లేదు. చుట్టుపక్కల ఊళ్లకు దీనివల్ల ఉండే ప్రమాదం హైడ్రోజన్ సల్ఫైడ్ నుంచే. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే ఈ విషవాయువు గాలి కంటే బరువైనది, లీకైతే పల్లపు చోట్ల పేరుకుంటుంది. అయినా ఈ ప్లాంటును మామూలు రసాయన ఫ్యాక్టరీల్లో జమకట్టరు. కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం కాపలా కాస్తుంది. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవులు దగ్గర కావడం, ఈ ప్రాంతంలో దశాబ్దాల పాటు సాయుధ నక్సలైట్ దళాలు తిరగడం కాపలాను ఇంకా బరువైన బాధ్యతగా మార్చాయి. ఇంత జాగ్రత్తకు కారణం భారజలం చేసే పనిలో ఉంది. రియాక్టరులో న్యూట్రాన్ల వేగాన్ని అది తగ్గిస్తుంది కానీ వాటిని పెద్దగా మింగేయదు. అందువల్ల శుద్ధి చేయని సహజ యురేనియంతోనే రియాక్టరు నడుస్తుంది. కాలిన ఇంధనంలో ప్లుటోనియం మిగులుతుంది. ఆ ప్లుటోనియంతో బాంబు చేయవచ్చు. భారత్‌లో కరెంటు తీసే అణు రియాక్టర్లలో ఎక్కువ భాగం, ట్రాంబేలో ఆయుధాలకు ప్లుటోనియం అందించిన సైరస్, ధ్రువ రియాక్టర్లు భారజలం మీద నడిచినవే.

నిరాకరణ చరిత్ర

భారజలాన్ని శత్రువుకు దక్కకుండా చేయాలన్న ఆలోచన అణుబాంబు కంటే ముందే పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో నార్వేలోని వేమోర్క్ ప్లాంటు జర్మనీ అణు పరిశోధనకు భారజలం అందిస్తుండగా, 1943 ఫిబ్రవరిలో నార్వే కమాండోలు దాన్ని పేల్చారు. మిగిలిన నిల్వను జర్మనీకి తరలిస్తున్న ఫెర్రీని 1944 ఫిబ్రవరిలో టిన్ సరస్సులో ముంచేశారు. యుద్ధం తర్వాత అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ శాంతియుత అణుశక్తి పథకంతో గాలి నిరాకరణ నుంచి సరఫరా వైపు మళ్లింది. 1957లో వియన్నాలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఏర్పడింది. కెనడా ఇచ్చిన రియాక్టరు, అమెరికా ఇచ్చిన 21 టన్నుల భారజలంతో 1960లో ట్రాంబేలో సైరస్ మొదలైంది. శాంతియుత అవసరాలకే వాడతామన్న మాట తప్ప బయటివాళ్లు వచ్చి చూసుకునే తనిఖీ షరతు దానికి లేదు. 1974 మే 18న భారత్ పోఖ్రాన్‌లో పేల్చిన పరికరంలోని ప్లుటోనియం సైరస్ నుంచి వచ్చింది. ప్రయోగం శాంతియుతమైనదని భారత్ చెప్పింది, ఒప్పంద స్ఫూర్తికి విరుద్ధమని కెనడా, అమెరికా అన్నాయి. కెనడా అణు సహకారం ఆపేసింది. అణు సరుకు అమ్మే దేశాలు 1975 నుంచి లండన్‌లో సమావేశమై అణు సరఫరాదారుల బృందంగా ఏర్పడ్డాయి. 1978లో అవి ప్రకటించిన నియంత్రిత వస్తువుల జాబితాలో భారజలం, దాన్ని తయారుచేసే యంత్రాలు ఉన్నాయి.

అశ్వాపురం ప్లాంటు పుట్టుక ఈ నిషేధాల నీడలో జరిగింది. రాజస్థాన్ రెండో రియాక్టరును కెనడా మధ్యలో వదిలేసి వెళ్లగా మన ఇంజినీర్లే పూర్తిచేసి 1981లో నడిపించారు. భారజలానికి మాత్రం కటకట తప్పలేదు. తనిఖీలకు ఒప్పుకొని సోవియట్ యూనియన్ నుంచి కొంత తెచ్చుకోవాల్సి వచ్చింది. బరోడా, తూత్తుకుడి, తాల్చేరు ప్లాంట్లు విదేశీ సాయంతో కట్టినవి, ఎరువుల ఫ్యాక్టరీల వాయువు మీద ఆధారపడేవి. ఎరువుల ఫ్యాక్టరీ ఆగితే భారజలమూ ఆగేది. నదిలో నీరు, బొగ్గు ఉంటే చాలన్న హైడ్రోజన్ సల్ఫైడ్ పద్ధతిని సొంతంగా అభివృద్ధి చేసి మొదట కోటాలో, తర్వాత మణుగూరులో పెట్టడం ఆ ఇబ్బందికి జవాబు. కాలక్రమంలో కొరత తీరింది. ఒకప్పుడు భారజలం కోసం చేయి చాపిన దేశమే దక్షిణ కొరియా, అమెరికా వంటి దేశాలకు దాన్ని ఎగుమతి చేసింది. నిషేధం భారత్‌ను ఏళ్ల తరబడి వెనక్కి లాగిన మాట నిజమే. దాని లక్ష్యం మాత్రం నెరవేరలేదు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. భారత్ పెద్ద దేశం, ఇంజినీర్లు, గనులు, నదులు ఉన్న దేశం. ఇంతకంటే చిన్న దేశాల మీద నిషేధం పనిచేసి ఉండవచ్చు కదా అన్నది ఆ వాదన. అందులో నిజం లేకపోలేదు. ఆలస్యమే కొన్నిచోట్ల మనసు మార్చుకునే వ్యవధి ఇచ్చింది. అయితే కాగితాల మీది నిషేధాన్ని దళారులు ఎలా దాటతారో కూడా చరిత్రలో నమోదైంది. నార్వే 1980లలో అమ్మిన భారజలంలో కొంత ఓ పశ్చిమ జర్మనీ దళారి చేతుల మీదుగా దారి మళ్లి భారత్‌కు చేరిందని ఆ తర్వాత జరిగిన విచారణలు చెప్పాయి. పాకిస్థాన్ శాస్త్రవేత్త ఏక్యూ ఖాన్ ముఠా సెంట్రిఫ్యూజ్ భాగాలను లిబియాకు, ఇరాన్‌కు, ఉత్తర కొరియాకు చేరవేసింది. లిబియాకు పోతున్న ఆ సరుకు 2003 అక్టోబరులో ఓడలో పట్టుబడే దాకా ఎగుమతి నిబంధనలు దాన్ని ఆపలేకపోయాయి. అమ్మేవాడి గుమ్మం దగ్గర ఉన్న తాళం, కొన్నవాడి గోదాములో సరుకు ఉందో లేదో చెప్పదు. అది చెప్పగలిగేది లెక్క, ఆ లెక్కను సరిచూసే తనిఖీ.

ఉగ్రవాదుల చేతికి దక్కగలిగేది ఏది

దేశం చేసే పనినీ ఉగ్రవాద ముఠా చేయగలిగే పనినీ ఒకే గాట కట్టకూడదు. సంవత్సరాల తరబడి రియాక్టరు నడిపి, ఇంధనాన్ని రసాయనాల్లో కరిగించి ప్లుటోనియం తీయడం ఏ ముఠాకూ సాధ్యం కాదు. కాబట్టి భారజలం డ్రమ్ము ఎత్తుకుపోయినవాడికి దానితో బాంబు రాదు. ముఠాకు ఉన్న ప్రధాన దారులు రెండు. తయారైన ప్లుటోనియాన్నో, బాగా శుద్ధి చేసిన యురేనియాన్నో దొంగిలించడం ఒకటి. ఆసుపత్రుల్లో, ఫ్యాక్టరీల్లో ఉండే రేడియోధార్మిక వస్తువులను పేలుడు పదార్థంతో కలిపి జనం మీద చల్లడం రెండోది. ఒక బాంబుకు సరిపోవచ్చని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ లెక్కకట్టే పరిమాణం ప్లుటోనియం అయితే 8 కిలోలు, బాగా శుద్ధి చేసిన యురేనియం అయితే అందులోని యురేనియం-235 లెక్కన 25 కిలోలు. అది సంచిలో పట్టేంత సరుకు. అందుకే మొదటి దారిని మూయాలంటే ఆ సరుకు అసలు తక్కువ చోట్ల, తక్కువ మోతాదులో ఉండాలి.

రెండో దారి మన ఊళ్లకు దగ్గరిది. కాగితం, పేపరు బోర్డు తయారీలో షీటు ఎంత మందంగా వస్తోందో కనిపెట్టడానికి క్రిప్టాన్-85, ప్రొమీథియం-147 వంటి రేడియోధార్మిక ఐసోటోపులున్న గేజీలను ప్రపంచమంతటా వాడతారు. వాటి శక్తి తక్కువ. క్యాన్సర్ చికిత్సకూ, లోహపు వెల్డింగ్ అతుకుల తనిఖీకీ వాడే కోబాల్ట్-60, ఇరిడియం-192 చాలా ఎక్కువ ప్రమాదకరం. వీటి విషయంలో దొంగతనం కంటే మరపే పెద్ద శత్రువు. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగంలో ఏళ్లుగా పనిచేయకుండా పడి ఉన్న గామా పరికరాన్ని 2010లో పాత సామానుగా వేలం వేశారు. మాయాపురి పాత ఇనుము దుకాణాల్లో పనివాళ్లు దాన్ని విప్పారు. కోబాల్ట్-60 కడ్డీల వికిరణానికి ఒకరు చనిపోయారు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. అక్కడ ఉగ్రవాది ఎవరూ లేరు. రిజిస్టరులో ఉన్న వస్తువు గదిలో ఉందా లేదా అని అడిగేవాళ్లు లేకపోవడమే ఉంది. 2009 నవంబరులో కర్ణాటకలోని కైగా అణు కేంద్రంలో ట్రిటియం కలిసిన భారజలం తాగునీటి కూలర్‌లో తేలింది. 50 మందికి పైగా సిబ్బంది శరీరాల్లోకి అది చేరింది. లోపలివాళ్లే ఎవరో కావాలని చేసిన పని అని అధికారులు భావించారు. కంచె బయటి శత్రువు కోసం నిలబెట్టిన తుపాకీ లోపలి మనిషిని ఆపలేదని ఈ ఘటన చూపింది. పదార్థం చుక్క చుక్కకూ లెక్క, దాన్ని ముట్టుకునే చోట ఇద్దరి కన్ను ఉండాలన్న నియమం అందుకే వచ్చింది.

ఈ అవసరాలకు తగ్గట్టుగానే అంతర్జాతీయ ఒప్పందాల అల్లిక సాగింది. అణు పదార్థాల భౌతిక రక్షణ ఒడంబడిక 1980లో సంతకాలకు సిద్ధమై 1987లో అమల్లోకి వచ్చింది. అప్పట్లో అది ప్రధానంగా దేశాల మధ్య రవాణాకే పరిమితం. 2005లో చేసిన సవరణ దేశం లోపలి నిల్వలకూ కేంద్రాలకూ దాన్ని వర్తింపజేసింది, కావలసినన్ని దేశాలు ఒప్పుకొని 2016 మేలో అమల్లోకి రావడానికి పదకొండేళ్లు పట్టింది. ఖాన్ ముఠా బయటపడ్డాక 2004 ఏప్రిల్‌లో భద్రతా మండలి 1540వ తీర్మానం చేసింది. ప్రభుత్వేతర ముఠాలకు సామూహిక విధ్వంసక ఆయుధాలు చేరకుండా ప్రతి దేశమూ సొంత చట్టం చేయాలని అది ఆదేశించింది. అణు ఉగ్రవాద నిరోధక ఒడంబడిక 2005లో ఆమోదం పొంది 2007లో అమల్లోకి వచ్చింది. భారత్ ఈ మూడింటిలోనూ భాగస్వామి. 2005లో సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టం చేసి, 2022లో ఆ పనులకు డబ్బు సమకూర్చడాన్ని కూడా నేరంగా చేర్చింది. 2010 నుంచి 2016 వరకు వాషింగ్టన్, సియోల్, హేగ్, మళ్లీ వాషింగ్టన్ నగరాల్లో జరిగిన నాలుగు అణు భద్రతా సదస్సుల్లో పాల్గొంది. మొదటి సదస్సులో మాట ఇచ్చిన ప్రకారం హరియాణాలోని బహదూర్‌గఢ్ దగ్గర శిక్షణ, పరిశోధన కేంద్రం నెలకొల్పింది. బాగా శుద్ధి చేసిన యురేనియంతో నడిచిన అప్సర రియాక్టరును 2009లో మూసి, 2018లో తక్కువ శుద్ధి ఇంధనంతో కొత్త రూపంలో మొదలుపెట్టింది.

ఉగ్రవాద ముప్పును పెద్దదేశాలు భూతద్దంలో చూపుతున్నాయని, ఇంతవరకూ ఏ ముఠా అణుబాంబు వేయలేదని కొందరు అంటారు. నిజమే, వేయలేదు. కానీ వేయకపోవడానికి కారణాల్లో ఈ కాపలా కూడా ఒకటి. పోయిన, దొరికిన, అక్రమంగా చేతులు మారిన పదార్థాల గురించి దేశాలు స్వచ్ఛందంగా ఇచ్చే సమాచారంతో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఒక పట్టిక నడుపుతుంది. 1993 నుంచి అందులో నమోదైన ఘటనలు నాలుగు వేలు దాటాయి. వాటిలో దురుద్దేశంతో జరిగినవి కొన్నే, బాంబుకు పనికొచ్చే పదార్థం ఉన్నవి ఇంకా తక్కువ. మన దేశంలోనే 2021 మేలో ముంబయిలో ఏడు కిలోల సహజ యురేనియం పోలీసులకు దొరికింది. దానితో బాంబు కాదు. కానీ అది ఏ లెక్కలోంచి జారింది అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ముప్పును అతిగా చూపకూడదు, చిల్లును చిన్నదని వదిలేయకూడదు.

తగ్గింపు లేని కాపలా

ఉగ్రవాదం గురించి మాట్లాడుతూ తమ ఆయుధాల ఊసెత్తకపోవడం అణ్వస్త్ర దేశాలకు అలవాటు. ఈ రెండు పనులూ విడివిడివి కావని 1990ల అనుభవం నిరూపించింది. సోవియట్ యూనియన్ కూలినప్పుడు జీతాల్లేని కాపలాదార్ల చేతుల్లో వేలాది వార్‌హెడ్‌లూ, టన్నుల కొద్దీ పదార్థమూ మిగిలాయి. అమెరికా సెనేటర్లు నన్, లూగర్ 1991లో తెచ్చిన చట్టం ఆ గోదాములకు తాళాలు, శాస్త్రవేత్తలకు జీతాలు సమకూర్చింది. 1994లో కజక్‌స్థాన్ నుంచి దాదాపు 600 కిలోల శుద్ధి యురేనియాన్ని విమానాల్లో తరలించారు. అన్నిటికంటే పెద్ద ఫలితం ఇచ్చింది 1993 ఒప్పందం. దాని ప్రకారం రష్యా తన బాంబుల నుంచి తీసిన 500 టన్నుల యురేనియాన్ని పలుచన చేసి 2013 దాకా అమెరికా విద్యుత్ కేంద్రాలకు అమ్మింది. అది దాదాపు 20 వేల వార్‌హెడ్‌లకు సరిపడే సరుకు. కరెంటుగా కాలిపోయిన యురేనియాన్ని ఏ ఉగ్రవాదీ దొంగిలించలేడు. ఏ కంచెకూ ఇంత బలం లేదు.

1986లో ప్రపంచంలో దాదాపు 70 వేల వార్‌హెడ్‌లు ఉండేవి. స్టాక్‌హోం శాంతి పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2025 ఆరంభానికి 12,200 పైచిలుకు మిగిలాయి. అందులో పది వంతుల్లో తొమ్మిది వంతులు అమెరికా, రష్యాలవే. భారత్ దగ్గర సుమారు 180, పాకిస్థాన్ దగ్గర 170 ఉంటాయని అదే అంచనా. ఈ తగ్గుదల ఒప్పందాల వల్ల వచ్చింది, ఇప్పుడు ఆ ఒప్పందాలే ఒక్కొక్కటిగా రాలిపోతున్నాయి. 1987 నాటి మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం నుంచి అమెరికా 2019లో తప్పుకొంది. అమెరికా, రష్యాలకు చెరో 1,550 మోహరించిన వార్‌హెడ్‌ల హద్దు పెట్టిన న్యూ స్టార్ట్ ఒప్పందాన్ని రష్యా 2023లో పక్కన పెట్టింది, దాని గడువు కూడా 2026 ఫిబ్రవరి 5తో ముగిసింది. 2017 నాటి అణ్వస్త్ర నిషేధ ఒప్పందంలో ఒక్క అణ్వస్త్ర దేశమూ చేరలేదు, భారత్ కూడా చేరలేదు.

అగ్రరాజ్యాలే తగ్గించుకోనప్పుడు మనమెందుకు లెక్కలు చూపాలన్న ప్రశ్న మన దేశంలో గట్టిగానే వినిపిస్తుంది. దీని వెనక పాత గాయం ఉంది. 1968 నాటి అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం 1967కు ముందు పేల్చిన ఐదు దేశాలను యజమానులుగా గుర్తించి, మిగతావారిని మాత్రం తనిఖీల కింద పెట్టింది. భారత్ దానిపై సంతకం చేయకపోవడానికి అదే కారణం. 1988 జూన్‌లో రాజీవ్ గాంధీ ఐక్యరాజ్యసమితి ముందు పెట్టిన ప్రణాళిక 2010 నాటికి అణ్వస్త్రాలన్నిటినీ దశలవారీగా నిర్మూలించాలంది. పెద్దదేశాలు పట్టించుకోలేదు. పదేళ్లకు భారత్ మళ్లీ పోఖ్రాన్‌లో పేల్చింది. ఈ అన్యాయం నిజమైనదే. కానీ ఆ వాదనను చివరిదాకా లాగితే ఎవరూ ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదన్న చోట తేలుతుంది. అది అన్నిటికంటే ఎక్కువగా ఉగ్రవాదికే లాభం. ముందుగా మేం ప్రయోగించబోమన్న మాటను ఏ ఒప్పందమూ లేకుండానే 2003 సిద్ధాంతంలో భారత్ చేర్చుకుంది. అవతలివాళ్ల కోసం ఆగకుండా వేసిన అడుగు దేశాన్ని బలహీనపరచలేదు.

2008 తర్వాత మణుగూరు

2008 సెప్టెంబరులో అణు సరఫరాదారుల బృందం భారత్‌కు మినహాయింపు ఇవ్వడంతో 34 ఏళ్ల బహిష్కరణ ముగిసింది. బదులుగా భారత్ తన కేంద్రాలను పౌర, సైనిక విభాగాలుగా విడదీసింది. అప్పటి 22 రియాక్టర్లలో 14ను తనిఖీల కిందకు తెచ్చేందుకు ఒప్పుకుంది. 2009లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థతో ఒప్పందం చేసుకుంది, ఎగుమతుల సమాచారం ఇచ్చే అదనపు ప్రోటోకాల్‌ను 2014లో అమల్లోకి తెచ్చింది. హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయంలో కొన్ని విభాగాలు తనిఖీల పరిధిలోకి వచ్చాయి. అంటే నిషేధం 34 ఏళ్లలో సాధించలేని పారదర్శకతను సహకారం ఆరేళ్లలో తెచ్చింది. ఈ వ్యాసం మొదట్లో చెప్పిన మాటకు ఇంతకంటే బలమైన సాక్ష్యం లేదు. మినహాయింపు దొరికాక స్వదేశీ యురేనియాన్ని బాంబులకు మళ్లించే వీలు పెరిగిందని విమర్శకులు అంటారు. ఆ వీలు ఉన్న మాట కాదనలేం. దానికి విరుగుడు ఆయుధ పదార్థాల ఉత్పత్తినే అన్ని దేశాలూ ఆపే ఒప్పందం. 1995లో చర్చలకు ప్రాతిపదిక కుదిరినా జెనీవాలో అది నేటికీ ముందుకు కదల్లేదు. చర్చలకు తాము సిద్ధమేనని భారత్ చెబుతూనే ఉంది.

విభజన ప్రణాళికలో పౌర అవసరాలకని గుర్తించిన భారజల ప్లాంట్లు మూడు: థాల్, తూత్తుకుడి, హజీరా. అవి కూడా తనిఖీలకు సంబంధించినవిగా తాము భావించడం లేదని భారత్ అందులోనే రాసింది. మణుగూరు పేరు ఆ మూడింటిలో లేదు. భారజలం స్వయంగా బాంబు పదార్థం కాదు, యురేనియం, ప్లుటోనియంలను లెక్కపెడితే చాలన్న వాదన సాంకేతికంగా చాలావరకు సరైనదే. అయినా కొరత తీరి ఎగుమతి దాకా వచ్చిన దేశం తన అతిపెద్ద ప్లాంట్లలో ఒకదాన్ని పౌర జాబితాలో చేర్చితే రక్షణ అవసరాలకు వచ్చే లోటేమిటో ప్రభుత్వం చెప్పాలి. లోటు లేకపోతే మణుగూరును ఆ జాబితాలో చేర్చి, ఏటా ఎంత తయారైంది, ఎంత ఎక్కడికి వెళ్లింది అన్నది పార్లమెంటుకు తెలపాలి. అది మనం ఎవరికీ తలవంచి చేసే పని కానక్కర్లేదు. మిగతా అణ్వస్త్ర దేశాలను కూడా అదే లెక్క అడగడానికి మనకు హక్కు తెచ్చే పని అది.